సయాం పిల్లి: రూపం, స్వభావం

మనిషితో ఒకే కప్పు కింద బ్రతుకుతూ, తన స్వాతంత్ర్యాన్ని ఏమాత్రం వదులుకోని జంతువు ఏదని అడిగితే ముందుగా చెప్పవలసింది పిల్లి పేరే. కుక్కను మనం పెంచుకుంటాం. పిల్లి మన ఇంట్లో కాపురం ఉంటుంది. మన సామెతలలో, కథలలో పిల్లికి ఉన్న చోటు చిన్నది కాదు. పిల్లి మెడలో గంట కట్టేదెవరన్న సమస్య ఎలుకలకే కాదు, మన సంఘాలకూ ఉంది. విశిష్టాద్వైతంలో శరణాగతిని వివరించడానికి పెద్దలు మార్జాల కిశోర న్యాయం చెప్పారు. తల్లిపిల్లి కూనను నోట కరచుకొని పోయినట్లు దేవుడే భక్తుణ్ణి మోస్తాడని దాని భావం. ఇంత దగ్గరి జంతువును గూర్చి మనం తరగతిలో చదివేది మాత్రం బహు తక్కువ.

ఈ వ్యాసంలో ఒక్క జాతిని మాత్రమే తీసుకుంటున్నాను. అది సయాం దేశపు పొట్టి వెండ్రుకల పిల్లి, అనగా సయామీస్ పిల్లి. ఎంతో అందమైన పిల్లులు ఉండగా దీనినే ఎన్నుకోవడానికి కారణం ఉన్నది. జన్యుశాస్త్రం, ఎంజైములు, నాడీవ్యవస్థ, జంతు ప్రవర్తన - ఈ నాలుగింటినీ మనం నాలుగు పాఠాలుగా, నాలుగు పుస్తకాలలో చదువుతాం. ఈ పిల్లి ఒళ్ళు చూస్తే నాలుగూ ఒక్కచోటనే కనబడతాయి.

జాతి పిల్లి అంటే ఏమిటి?

మన వీధిలో తిరిగే పిల్లికి తల్లి ఎవరో తెలుస్తుంది గాని తండ్రి ఎవరో తెలియదు. జాతి పిల్లికి తల్లి, తండ్రి, తాత, ముత్తాత - అందరి పేర్లూ ఒక పుస్తకంలో వ్రాసి ఉంటాయి. ఆ వంశావళి ఉన్నప్పుడే దానిని జాతి పిల్లి అంటారు. ఆవులకు, గుర్రాలకు ఇటువంటి పద్ధతి పాతదే. పిల్లులకు మాత్రం కొత్తది. 1871లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో హారిసన్ వీర్ అనే చిత్రకారుడు ఏర్పాటు చేసిన ప్రదర్శనతో పిల్లుల అందాన్ని కొలతలు పెట్టి నిర్ణయించడం ఊపందుకున్నది. తరువాత 1906లో అమెరికాలో, 1910లో బ్రిటన్‌లో వంశావళులను నమోదు చేసే పెద్ద సంస్థలు ఏర్పడ్డాయి. అంటే మనం ఇవాళ జాతి లక్షణాలు అని చెప్పుకునేవాటిని ప్రకృతి కొంత, ప్రదర్శనల న్యాయనిర్ణేతలు కొంత తయారు చేశారన్నమాట. ఈ సంగతి వ్యాసం చివరిదాకా గుర్తుంచుకోవలసి ఉంటుంది.

సయాం నుంచి లండన్‌కు

సయాం పిల్లి మాత్రం ప్రదర్శనల కోసం పుట్టింది కాదు. అయుత్థయ రాజధానిగా వెలసిన కాలం (1351 - 1767) నాటి సంప్రదాయంగా చెప్పే 'తమ్రా మేవ్' అనే పిల్లుల పద్యగ్రంథాలు థాయ్‌లాండ్‌లో ఉన్నాయి. మన దగ్గర అశ్వలక్షణాలు, గజలక్షణాలు చెప్పిన గ్రంథాల వంటివే ఇవి. శుభప్రదమైనవిగా 17 రకాల పిల్లులను బొమ్మలతో సహా వర్ణించాయి. వాటిలో ఒకటి 'విచియన్ మాత్'. మూతి, తోక, రెండు చెవులు, నాలుగు పాదాలు - ఈ ఎనిమిది చోట్ల నలుపు, మిగిలిన ఒళ్ళంతా తెలుపు ఉండాలని లక్షణం. మనం ఇప్పుడు సయామీస్ అంటున్నది దీనినే. 1939లో సయాం దేశం థాయ్‌లాండ్ అని పేరు మార్చుకున్నా, పిల్లికి ప్రపంచంలో పాత పేరే నిలిచిపోయింది.

1871 నాటి లండన్ ప్రదర్శనలో దీన్ని చూసిన ఒక పత్రికా రచయితకు ఇది పిల్లిలా కాక పీడకలలా తోచిందట. నల్లని మూతి, నీలి కండ్లు ఆనాటి ఇంగ్లీషు వారికి అంత వింతగా కనిపించాయి. 1878లో బ్యాంకాక్‌లోని అమెరికన్ కాన్సల్ డేవిడ్ సికల్స్, అధ్యక్షుడు రూథర్‌ఫర్డ్ హేస్ భార్య లూసీకి కానుకగా ఒక సయాం పిల్లిని ఓడలో పంపించాడు. దానికి 'సయాం' అనే పేరు పెట్టుకున్నారు. పాపం, 1879లోనే జబ్బు చేసి చనిపోయింది. 1884లో బ్యాంకాక్‌లోని బ్రిటిష్ కాన్సల్ కార్యాలయ అధికారి గౌల్డ్, ఫో, మియా అనే జంటను ఇంగ్లండులోని తన సోదరి లిలియన్ వీలీ కోసం తీసుకువచ్చాడు. ఆ జంట కూనలను 1885లో క్రిస్టల్ ప్యాలెస్‌లో ప్రదర్శించారు. 1901లో సయామీస్ క్యాట్ క్లబ్‌ను స్థాపించినవారిలో ఆమె కూడా ఒకరు. ముప్పై ఏళ్ళు తిరగకుండానే పీడకల కాస్తా ముద్దుల మూటగా మారింది. పిల్లి మారలేదు, చూసే కన్ను మారిందంతే.

రూపలక్షణాలు

సయాం పిల్లిది సన్నని, పొడవాటి శరీరం. బరువు సాధారణంగా 3 నుంచి 5 కిలోల మధ్య ఉంటుంది, మగది కొంచెం ఎక్కువ. చేతిలోకి తీసుకుంటే మాత్రం కంటికి కనబడినదానికన్నా బరువుగా తోస్తుంది, ఎందుకంటే అంతా కండే. కాళ్ళు పొడవు, వెనుక కాళ్ళు ముందు కాళ్ళకన్నా కాస్త ఎత్తు. పాదాలు చిన్నవి, కోలగా ఉంటాయి. తోక కొరడాలా మొదట నుంచి చివరకు సన్నబడుతూ పోతుంది. వెండ్రుకలు పొట్టివి, మెత్తనివి, ఒంటికి అంటిపెట్టుకొని పట్టుబట్టలా మెరుస్తాయి. చెవులు పెద్దవి. కండ్లు బాదం గింజ ఆకారంలో ముక్కువైపు ఏటవాలుగా ఉంటాయి. రంగు నీలం, ఎప్పుడూ నీలమే.

తల ఆకారం దగ్గరికి వచ్చేసరికి ఇవాళ రెండు రకాల సయాం పిల్లులు కనబడతాయి. పాతకాలపు పిల్లికి తల గుండ్రం, మూతి సన్నన. ఇరవయ్యవ శతాబ్దం రెండవ భాగంలో ప్రదర్శనలలో సన్ననిదానికే బహుమతులు రావడంతో పెంపకందారులు ఇంకా సన్నగా, ఇంకా పొడవుగా ఉండేవాటినే జతపరుస్తూ పోయారు. చివరకు తల కచ్చితమైన త్రికోణమైంది. చెవులు ఆ త్రికోణపు రెండు మూలలు. పాత రూపాన్ని ఇష్టపడేవారు ఊరుకోలేదు. దానిని 'థాయ్' అనే వేరు పేరుతో నిలబెట్టుకున్నారు. అమెరికాలోని అంతర్జాతీయ పిల్లుల సంఘం (టికా) 2010లో ఆ జాతికి పోటీలలో పూర్తి స్థాయి గుర్తింపునిచ్చింది. ఒకే పూర్వీకుల సంతానం యాభై ఏళ్ళలో రెండు రూపాలుగా విడిపోవడాన్ని మించి కృత్రిమ వరణానికి మంచి ఉదాహరణ దొరకదు. డార్విన్ తన వాదానికి పావురాలను సాక్ష్యం తెచ్చుకున్నాడు; మనకు ఈ పిల్లులు చాలు.

రంగు వెనుక రహస్యం

ఇక అసలు పాఠానికి వద్దాం. సయాం పిల్లి కూన పుట్టినప్పుడు తెల్లగా ఉంటుంది. కొద్ది వారాలు గడిచేసరికి చెవుల చివర్లు, ముక్కు, తోక, పాదాలు నల్లబడడం మొదలవుతుంది. కడుపు, వీపు మీగడ రంగులోనే ఉంటాయి. ఒంట్లోని ప్రతి కణంలోనూ ఉన్నది అవే జన్యువులు గదా! మరి చెవికొక రంగు, వీపుకొక రంగు ఎందుకు?

వెండ్రుకల నలుపుకు మెలనిన్ అనే వర్ణకం కారణం. దానిని తయారుచేయడానికి టైరోసినేజ్ అనే ఎంజైము కావాలి. సయాం పిల్లిలో ఈ ఎంజైమును నిర్దేశించే జన్యువులో ఒక చిన్న మార్పు ఉన్నది. ప్రోటీను గొలుసులో గ్లైసీన్ ఉండవలసిన ఒకచోట ఆర్జినీన్ వచ్చి కూర్చున్నది. ఈ సంగతి 2005లో బయటపడింది. ఆ ఒక్క మార్పుతో ఎంజైము వేడికి తట్టుకోలేనిదైపోయింది. పిల్లి శరీర ఉష్ణోగ్రత సుమారు 38.5 డిగ్రీల సెల్సియస్. ఆ వేడిలో ఎంజైము పనిచేయదు, కాబట్టి వీపు, కడుపు తెల్లన. చెవులు, ముక్కు, తోక, పాదాలు గాలి తగిలి కొన్ని డిగ్రీలు చల్లగా ఉంటాయి. అక్కడ ఎంజైము పనిచేస్తుంది, నలుపు వస్తుంది. తల్లి గర్భంలో అంతటా ఒకే వెచ్చదనం, అందుకే కూన తెల్లగా పుడుతుంది. అంటే ఈ పిల్లి ఒళ్ళు దాని వేడికి గీసిన పటమన్నమాట.

ఇది ఊహ కాదు. 1930లో రష్యాకు చెందిన ఇలీన్ అనే శాస్త్రజ్ఞులు సయాం పిల్లి ఒంటిమీద కొంతమేర వెండ్రుకలు తీసివేసి, ఆ చోటును చల్లగా ఉంచి చూశారు. కొత్తగా వచ్చిన వెండ్రుకలు ముదురు రంగులో వచ్చాయి. ఇప్పటికీ పశువైద్యులు శస్త్రచికిత్సకోసం కడుపు గొరిగితే అక్కడ నల్లని మచ్చ వస్తుంది. బొచ్చు పెరిగి, రాలి, మళ్ళీ వచ్చేదాకా యజమాని కంగారుపడుతూ ఉంటాడు. ముసలితనంలో ఒళ్ళు చల్లబడేకొద్దీ పిల్లి మొత్తం మీద నల్లబడుతుంది. చలిదేశంలో పెరిగినదానికన్నా వేడిదేశంలో పెరిగినది తెల్లగా ఉంటుంది. అక్కాచెల్లెళ్ళయిన రెండు కూనలను ఒకదానిని మాస్కోలోను, రెండవదానిని మన రెంటచింతలలోను పెంచితే పెద్దయ్యాక అవి ఒకే రంగులో ఉంటాయని ఎవరూ పందెం కాయవద్దు.

నాలుగు రంగులు, రెండు జతలు

సయాం పిల్లి నల్లని భాగాలు నిజానికి నాలుగు రంగులలో వస్తాయి. ముదురు గోధుమ రంగును సీల్ అని, లేత గోధుమ రంగును చాక్లెట్ అని, బూడిద నీలాన్ని బ్లూ అని, గులాబి ఛాయగల బూడిద రంగును లైలాక్ అని అంటారు. దీని వెనుక ఉన్నవి రెండు జతల జన్యువులే. మొదటి జతలో ముదురు రంగు బహిర్గతం, చాక్లెట్ అంతర్గతం. రెండవ జతలో గాఢత బహిర్గతం, పలచదనం అంతర్గతం. ముదురు రంగు పలచబడితే బ్లూ, చాక్లెట్ పలచబడితే లైలాక్.

శుద్ధమైన చాక్లెట్ పిల్లిని శుద్ధమైన బ్లూ పిల్లితో జతపరిస్తే కూనలన్నీ సీల్ రంగులోనే పుడతాయి. తల్లి రంగూ కాదు, తండ్రి రంగూ కాదు! పక్కింటివారికి అనుమానం రావచ్చు గాని మెండెల్‌కు రాదు. ఆ తరం వాటిని పరస్పరం జతపరిచి తగినన్ని కూనలను లెక్కిస్తే సీల్, బ్లూ, చాక్లెట్, లైలాక్ అనేవి 9 : 3 : 3 : 1 నిష్పత్తిలో వస్తాయి. బఠాణీ మొక్కలతో బట్టీ పట్టిన ద్విసంకర నిష్పత్తి ఇదే. అలాగే సయాం పిల్లిని, ఆ జన్యువు ఏమాత్రం లేని మామూలు పిల్లితో జతపరిస్తే కూనల్లో ఒక్కటీ సయాంలా ఉండదు. రెండవ తరంలో నాలుగింట ఒకటి మళ్ళీ నల్లమూతితో ప్రత్యక్షమవుతుంది.

ఇంకొక చక్కని ఉదాహరణ కూడా ఉన్నది. 1930లో డాక్టర్ జోసెఫ్ థాంప్సన్ బర్మా నుంచి 'వాంగ్ మావ్' అనే గోధుమ రంగు ఆడపిల్లిని శాన్‌ఫ్రాన్సిస్కోకు తెచ్చాడు. అందరూ దానిని ముదురు రంగు సయాం అనుకున్నారు. ఒక సయాం పోతుతో జతపరచి, కూనల రంగులు లెక్కించి, ఆ పిల్లిలో సయాం జన్యువు ఒకటి, వేరొక జన్యువు ఒకటి ఉన్నాయని థాంప్సన్, ఆయన సహచరులు తేల్చారు. 1943లో అచ్చైన ఆ పరిశోధనే బర్మీస్ జాతికి శాస్త్రీయమైన పునాది వేసింది.

నీలి కండ్లు - దారితప్పిన నరాలు

కండ్ల నీలం నీలిరంగు వర్ణకం వల్ల వచ్చింది కాదు. కనుపాపలో మెలనిన్ కొరత వల్ల వెలుగు చెల్లాచెదరై నీలంగా కనబడుతుంది. మామూలు పిల్లి కండ్లు రాత్రి దీపం వెలుగు పడితే పచ్చగా మెరుస్తాయి. సయాం పిల్లివి ఎర్రగా మెరుస్తాయి. దానికీ వర్ణకం కొరతే కారణం.

అసలు విశేషం ఇంకా లోపల ఉంది. పాతకాలపు సయాం పిల్లులలో చాలావాటికి మెల్లకన్ను, తోక చివర మెలిక ఉండేవి. సయాంలో వీటికి అందమైన కథలు చెప్పేవారు. రాకుమార్తె స్నానానికి దిగుతూ తన ఉంగరాలను పిల్లి తోకకు తగిలించిందట, అవి జారిపోకుండా పిల్లి తోక మెలిపెట్టిందట. బుద్ధుని పాత్రకు కాపలా ఉండి రెప్పవాల్చకుండా చూసి చూసి కండ్లు మెల్ల అయ్యాయట.

కథలు అలా ఉండగా, 1969లో గిలరీ అనే శాస్త్రజ్ఞుడు ఈ పిల్లి మెదడును పరిశీలించి ఆశ్చర్యకరమైన విషయం కనిపెట్టాడు. కంటి నుంచి మెదడుకు పోయే నరపు పోగులలో కొన్ని అదే పక్కకు, కొన్ని అవతలి పక్కకు పోవాలి. సయాం పిల్లిలో అదే పక్కకు పోవలసిన పోగులలో కొన్ని పొరపాటున అవతలికి దాటిపోతున్నాయి. గర్భస్థ దశలో కంటి వర్ణకం తక్కువగా ఉండడానికీ ఈ దారితప్పడానికీ సంబంధం ఉన్నది. 1971లో హ్యూబెల్, వీజెల్ అనే శాస్త్రవేత్తలు ఈ తప్పు సమాచారాన్ని మెదడు ఎలా సర్దుకుంటుందో పరిశోధించారు. దృష్టిపై చేసిన కృషికి వీరిద్దరికీ 1981లో నోబెల్ బహుమతి వచ్చిన సంగతి మనకు తెలిసిందే. పుట్టుకతో వర్ణకం లేని మనుషులలో కూడా నరాలు ఇలాగే దారితప్పుతాయి. కాబట్టి ఈ పిల్లి వైద్యశాస్త్రానికి చేసిన సేవ సామాన్యమైనది కాదు.

తరువాత పెంపకందారులు మెల్లకన్ను, తోక మెలిక దోషాలని నిర్ణయించి ఎంపిక ద్వారా చాలావరకు తొలగించారు. పైకి కన్ను తిన్ననైంది గాని లోపలి నరాల అమరిక మారలేదు. రంగునిచ్చిన జన్యువే ఆ అమరికనూ ఇచ్చింది. ఒకటి ఉంచుకొని రెండవది వద్దంటే కుదరదు.

స్వభావం

పిల్లి గుట్టుగా ఉంటుందని, ఎవరినీ పట్టించుకోదని అనుకునేవారు సయాం పిల్లిని చూస్తే ఆ అభిప్రాయం మార్చుకుంటారు. ఇది మాటకారి. దాని గొంతు బొంగురుగా, పెద్దగా ఉంటుంది. కొన్నిసార్లు పసిపిల్ల ఏడ్చినట్లే వినబడుతుంది. ఆకలేసినా అరుస్తుంది, తలుపు వేసినా అరుస్తుంది, మీరు పలకరిస్తే సమాధానం చెప్పి ఇంకో రెండు మాటలు కలుపుతుంది. ఇంట్లో ఒక మనిషిని ఎన్నుకొని ఆ మనిషి వెంటే తిరుగుతుంది. విసిరిన కాగితపు ఉండను కుక్కపిల్లలా నోట కరచుకొని తెచ్చి ఇచ్చే సయాం పిల్లులు చాలా ఉన్నాయి. తాడు కట్టి షికారు తిప్పడానికి కూడా కొన్ని అలవాటుపడతాయి. ఒంటరితనం దీనికి బొత్తిగా పనికిరాదు. పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చే ఇంట్లో ఇది దిగులుపడుతుంది, లేదా పరుపులు చింపుతుంది.

1955లో వచ్చిన డిస్నీ వారి 'లేడీ అండ్ ది ట్రాంప్' చిత్రంలో రెండు సయాం పిల్లులను జిత్తులమారులుగా చూపారు. ఆ అపవాదు చాలాకాలం వెంటాడింది. అందులో పిల్లుల స్వభావంకన్నా తూర్పు దేశాలవారిపట్ల ఉన్న చులకన భావమే ఎక్కువగా ఉందని తరువాత విమర్శలు వచ్చాయి.

మరి స్వభావం జాతితో వస్తుందా? 2019లో ఫిన్లండ్‌లోని హెల్సింకీ విశ్వవిద్యాలయం వారు దాదాపు 5,700 పిల్లుల ప్రవర్తనను యజమానుల ద్వారా తెలుసుకొని లెక్కలు కట్టారు. జాతుల మధ్య తేడాలు నిజమేనని, వారు లెక్కగట్టిన లక్షణాలలో కనబడే వ్యత్యాసంలో సుమారు సగం వంశపారంపర్యంగా వస్తుందని తేలింది. సగమే సుమా! మిగిలిన సగం పెంపకం, అనుభవం. తెనాలి రామకృష్ణుని పిల్లి కథ మనకందరికీ తెలుసు. వేడి పాలు తాగి మూతి కాల్చుకున్న పిల్లి ఆ తరువాత పాలగిన్నె చూస్తేనే పారిపోయింది. పాలమీద ప్రీతి పుట్టుకతో వచ్చింది, భయం అనుభవంతో వచ్చింది.

పెంచుకోదలచిన వారికి

పిల్లికి పాలు, పెరుగన్నం చాలుననేది మన ఇండ్లలో ఉన్న పెద్ద అపోహ. పిల్లి పూర్తిగా మాంసాహారి. టారిన్ అనే పదార్థాన్ని అది తన ఒంట్లో చాలినంత తయారుచేసుకోలేదు. మాంసం, చేపల నుంచే రావాలి. అది లోపిస్తే కంటి రెటీనా దెబ్బతింటుందని 1975లో, గుండె కండరం బలహీనమవుతుందని 1987లో పరిశోధకులు నిరూపించారు. పెద్ద పిల్లులలో చాలావాటికి పాలు అరగవు కూడా. శాకాహార నియమం ఉన్న ఇంటివారు ఇది ఆలోచించి మరీ పిల్లిని తెచ్చుకోవాలి. మన నియమానికి మూగజీవం కండ్లు పోకూడదు.

రెండవది జబ్బులు. సయాం జాతిలో రెటీనా క్రమంగా క్షీణించే వ్యాధి ఒకటి ఉంది. దానికి కారణమైన జన్యుదోషాన్ని 2007లో గుర్తించారు. ఇది అంతర్గత లక్షణం. తల్లి, తండ్రి ఇద్దరూ చూపున్నవారే అయినా ఇద్దరిలోనూ ఆ జన్యువు దాగి ఉంటే నాలుగింట ఒక కూనకు వ్యాధి రావచ్చు. కూన చక్కగా పుడుతుంది, ఆడుతుంది, కొన్నేళ్ళకు చూపు పోతుంది. బుగ్గ లోపలి నుంచి తీసిన కణాలతో ముందే పరీక్ష చేసి తెలుసుకోవచ్చు. అందువల్ల కూనను కొనేవారు నీలి కండ్లు చూసి మురిసిపోవడం కాక, ఆ కండ్లు ఎంతకాలం చూస్తాయో అడగాలి. పరీక్ష కాగితం చూపలేనివారి దగ్గర కొనకపోవడమే మంచిది. కొనేవాడు అడగనంతకాలం అమ్మేవాడు పరీక్ష చేయించడు.

ముగింపు

'పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు' అని మనలో ఒక సామెత ఉంది. పిల్లలను, మనుషులను, ఒక్కొక్కసారి మొత్తం కులాలనూ ఊళ్ళనూ ఆ ఒక్క వాక్యంతో తూచివేసేవారు ఉన్నారు. దానికి ఎదురుగా, అంతా పెంపకంలోనే ఉందనేవారూ ఉన్నారు. సయాం పిల్లి ఈ ఇద్దరితోనూ ఏకీభవించదు. దాని జన్యువు 'నల్లగా ఉండు' అని ఆజ్ఞాపించలేదు. 'చల్లగా ఉన్నచోట నల్లగా ఉండు' అన్నది. జన్యువు లేకుంటే ఎంత చల్లదనమూ ఆ నమూనా తేలేదు. చల్లదనం లేకుంటే ఆ జన్యువు ఉండీ నలుపు తేలేదు. పిల్లి బొచ్చు నుంచి మనిషి బుద్ధిదాకా గీత గీయడం సాహసమే. అయినా ఒక వెండ్రుక రంగు విషయంలోనే ప్రకృతి ఇంత షరతు పెట్టినప్పుడు, ఒక విద్యార్థి తెలివిని అతని పుట్టుక చూసి తేల్చేయడం ఎంత తొందరపాటో ఆలోచించండి.

ఇక అందం సంగతి. మనిషి తన కంటికి నచ్చినట్లు ఈ పిల్లిని నూటయాభై ఏళ్ళుగా మలుస్తూ వచ్చాడు. మెల్ల తీసేశాడు, తోక సరిచేశాడు, తల సాగదీశాడు. మలచే శక్తి ఉన్నవాడికి మలచబడేదాని సుఖం చూడవలసిన బాధ్యత కూడా ఉన్నది. జీవశాస్త్రం చదివే మిత్రులు రేపు వైద్యులో, పరిశోధకులో, ఉపాధ్యాయులో అవుతారు. వారి చేతుల్లో ఇంతకన్నా పెద్ద శక్తులు ఉండబోతున్నాయి. వాటిని వాడేముందు తమ బల్లమీద ఉన్న ప్రాణి కండ్లలోకి ఒక్కసారి చూడగలిగితే చదివిన చదువు సార్థకమైనట్లే.